నీళ్ళ అండా పొయ్యి: 5.4 కిలోల కట్టె నుంచి 1.8 కిలోలకు

తాడిపత్రి పక్క పల్లెలో ఒక ఇంటి పెరట్లో, స్నానాల నీళ్ళ కోసం కట్టిన పొయ్యి లెక్కలివి. రాయలసీమలో ఇంటిని వెచ్చబెట్టుకోవాల్సినంత చలి ఉండదు. ఇంట్లో వేడి కోసం కాలే కట్టెలో పెద్ద వాటా నీళ్ళ అండా కిందికే పోతుంది. వంట గ్యాసు మీదికి మారిన ఇళ్ళలో కూడా నీళ్ళు ఇంకా మూడు రాళ్ళ మీదే కాగుతున్నాయి. పొయ్యిల మీద వచ్చిన సలహాలన్నీ వంటగిన్నె చుట్టూ తిరిగాయి కాబట్టి అండాను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అందుకే ఈ కొలతలన్నీ రాసి పెడుతున్నాం. ఏది నిలవలేదో, ఎందుకు నిలవలేదో కూడా ఇందులోనే ఉంది.

అండా రాగిది, ఇంట్లో ముందునుంచీ ఉన్నదే. అడుగు వ్యాసం 48 సెం.మీ., ఎత్తు 42 సెం.మీ. నిండా పోస్తే 75 లీటర్లు పడుతుంది. ప్రతి కొలతకూ 60 లీటర్లే పోశాం.

దశ 0: కాటా, థర్మామీటరు

కొలవకుండా పొయ్యి మార్చితే ఏ మార్పు పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. పద్ధతి ఇది:

1. 15 లీటర్ల బకెట్టుతో నాలుగు బకెట్లు పోయాలి. మొదటి ఉష్ణోగ్రత రాసుకోవాలి. చలికాలం తెల్లవారుజామున తొట్టినీళ్ళు 22 డిగ్రీలు చూపించాయి.
2. కట్టెలు కాటా వేసి పక్కన పెట్టాలి. ప్రతిసారీ ఒకే జాతి, ఒకే లావు, ఒకే ఎండు.
3. పొయ్యి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. నిన్నటి వేడి మిగిలి ఉంటే లెక్క తప్పుతుంది.
4. అండాలో గరిటె పెట్టి బాగా కలిపాకే థర్మామీటరు ముంచాలి. పైనీళ్ళు 62 చూపిస్తుంటే అడుగునీళ్ళు ఇంకా 50 దగ్గరే ఉండవచ్చు.
5. 62 డిగ్రీలు రాగానే మంట లాగేసి, మిగిలిన కట్టెను, బొగ్గును విడివిడిగా తూచాలి. కిలో బొగ్గును సుమారు 2 కిలోల కట్టె కింద లెక్కేసి తీసెయ్యాలి.

లెక్క సులువే. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1 కిలోకేలరీ కావాలి. 60 లీటర్లు 40 డిగ్రీలు పెరగాలంటే 2,400. పదిహేను శాతం తేమ ఉన్న కట్టెలో కిలోకు సుమారు 3,600 కిలోకేలరీలు ఉంటాయి. అంటే ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకపోతే 670 గ్రాముల కట్టె చాలు.

మూడు రాళ్ళ మీద కాలింది 5.4 కిలోలు. నీళ్ళకు అందింది 12 శాతం. మిగిలిన 88 శాతం అండా పక్కనుంచి గాలిలోకి, నేలలోకి, పొగలోకి పోయింది.

పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకో రెండు లెక్కలు. ఇవే నీళ్ళు గీజరులో కాస్తే దాదాపు 3 యూనిట్ల కరెంటు. గ్యాసు మీద కాస్తే సుమారు 370 గ్రాములు, అంటే 14.2 కిలోల సిలిండరు 38 రోజుల్లో నీళ్ళకే అయిపోతుంది.

ఖర్చు: వేలాడే డిజిటల్ కాటా ₹350, థర్మామీటరు ₹250. మొత్తం ₹600. కట్టె 5.4 కిలోలు.

దశ 1: బండలతో కట్టిన పొయ్యి

తాడిపత్రిలో పాలిష్ మిల్లుల దగ్గర పగిలిన నల్లబండ ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. ఆటో కిరాయి పెట్టుకుంటే చాలు. ఊళ్ళో చాలా పొయ్యిలు ఈ బండలతోనో, కడప బండలతోనో కట్టినవే, కాబట్టి మొదటి గూడు వాటితోనే లేచింది. 14 సెం.మీ. చదరపు గొంతు (మంట పైకి లేచే నిలువు దారి), ముందు కట్టె పెట్టే నోరు, గొంతు పైన అండా. ఈ మోచేయి ఆకారం కొత్తది కాదు. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో లారీ వినియార్‌స్కీ రూపం ఇచ్చిన రాకెట్ పొయ్యి ఇదే. కట్టె అడ్డంగా లోపలికి పోతుంది, మంట నిలువుగా లేస్తుంది, పొగ అండాను తాకేలోపే గొంతులో కాలిపోతుంది.

బండ నిలవలేదు. మంట అంటుకున్న కాసేపటికే టప్, టప్ అని పెచ్చులు లేచాయి. అరచేతి వెడల్పు పెచ్చులు పొరలు పొరలుగా ఊడి కట్టెల మీద పడ్డాయి. ఎందుకంటే ఈ బండ సున్నపురాయి. పొరల మధ్య ఉన్న తేమ ఆవిరై బయటికి దారి లేక బండను లోపలినుంచి తంతుంది. ముందువైపు వేడెక్కి సాగుతుంటే వెనకవైపు చల్లగా ఉండి బిగపడుతుంది. అది దాటి నిలిచిన చోట 800 డిగ్రీలు దాటిన మంటకు రాయి కాలి సున్నమవుతుంది. గొంతు పైఅంచు తెల్లగా పిండిలా రాలింది. ఆ అంచు మీద అండాలోంచి నీళ్ళు చిందితే సున్నం ఉబ్బి కీళ్ళు విడిపోయాయి.

సిమెంటు కీళ్ళదీ అదే గతి. మంట తగిలే చోట సిమెంటు బలం పోయి ఇసుకలా రాలింది. ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ (థర్మల్ కరెంటు కేంద్రం) బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు మన వైపు చౌకగా దొరుకుతాయి. గోడకు భేషైనవే, కానీ వాటిని పట్టి ఉంచేది సిమెంటో సున్నమో కాబట్టి మంట దగ్గర పెట్టకూడదు.

బండ వద్దని కాదు. పొయ్యి పక్కన బకెట్టు పెట్టుకునే అరుగుకు, కట్టెల వామి కింద చెద ఎక్కకుండా పరచడానికి దానికి మించింది లేదు. మంట చూసే ముఖానికి మాత్రం పనికిరాదు.

ఖర్చు: బండల ఆటో ₹300, ఎర్ర ఇటుకలు 100కి ₹900, ఇసుక, మన్ను ₹200, బేల్దారి ఒక రోజు కూలి ₹900. మొత్తం ₹2,900. కట్టె 4.3 కిలోలు.

దశ 2: గట్టి ఎర్ర ఇటుక

బండలు పీకేసి అదే కొలతకు కాల్చిన ఎర్ర ఇటుకతో గొంతు కట్టాం. సిమెంటు లేదు. ఒక పాలు జిగటమన్ను, మూడు పాళ్ళు పెన్నా ఇసుక. ఇటుక పగల్లేదు, కీలు విడవలేదు. కట్టె మాత్రం 3.6 కిలోల దగ్గరే ఆగింది.

గోడ ఎంత బరువుంటే వేడి అంత నిలుస్తుందని చాలామంది బేల్దార్లు నమ్ముతారు. రోజంతా కాలే రొట్టెల బట్టీకి ఆ మాట సరిపోతుంది. ముప్పావు గంట మండి ఆరిపోయే నీళ్ళ పొయ్యికి అది తలకిందులు. మంట చుట్టూ 120 కిలోల ఇటుక, మన్ను ఉన్నాయి. అవి సగటున 60 డిగ్రీలు వేడెక్కితే, కిలోకు డిగ్రీకి 0.2 చొప్పున 1,440 కిలోకేలరీలు గోడలోకి పోయినట్టు. నీళ్ళకు కావలసినదే 2,400. స్నానాలన్నీ అయిపోయాక మధ్యాహ్నం వరకూ గోడ వెచ్చగా ఉంటుంది, దాని మీద పిల్లి పడుకోవడం తప్ప ఎవరికీ ప్రయోజనం లేదు.

కాబట్టి కావలసింది తేలిక గోడ, లోపల గాలి గదులున్న గోడ.

మొత్తం ₹2,900 (కొత్త ఖర్చు లేదు). కట్టె 3.6 కిలోలు, 18.5 శాతం.

దశ 3: శనక్కాయ పొట్టు ఇటుక

ఈ దశకే ఎక్కువ తిప్పలు. సాధించుకున్నదీ ఇక్కడే ఎక్కువ.

మన్నులో కాలిపోయే పదార్థం కలిపి ఇటుక పోస్తే, బట్టీలో ఆ పదార్థం కాలిపోయి దాని చోట ఖాళీ మిగులుతుంది. రంపపు పొట్టుతో చెయ్యడం చాలాచోట్ల ఉంది. అనంతపురం జిల్లాలో శనక్కాయ పొట్టు అంతకంటే సులువుగా దొరుకుతుంది, కాయలు వలిచే మిల్లు దగ్గర సంచి ₹40.

పొట్టును ఉన్నదున్నట్టు కలిపితే ఇటుక పనికిరాదు. డొప్ప డొప్పగానే ఉండి లోపల బొటనవేలు పట్టేంత బొక్కలు పడ్డాయి. ఎండేటప్పుడే ఆ డొప్పల వెంట పగుళ్ళు వచ్చాయి. మార్చి చేసిన పద్ధతి:

1. పొట్టును ఎండబెట్టి, పిండి మరలో ముతకగా విసిరించి, 3 మి.మీ. జల్లెడ పట్టాలి. పైన మిగిలింది మళ్ళీ మరలో వెయ్యాలి.
2. చెరువు జిగటమన్నును పొడి చేసి గులకరాళ్ళు ఏరెయ్యాలి. ముఖ్యంగా తెల్ల సుద్దగడ్డలు ఉండకూడదు. అవి బట్టీలో సున్నమై, ఆ తర్వాత తేమ పీల్చి ఇటుకను పగలగొడతాయి.
3. తట్ట మన్నుకు తట్టన్నర పొట్టు పొడి. పొడిగా ఉన్నప్పుడే కలిపి, తర్వాత నీళ్ళు పోసి తొక్కి, ఒక రాత్రి గోనె కప్పి ఉంచాలి.
4. అచ్చు కొలత ఇటుక కంటే 8 శాతం పెద్దది. 9 అంగుళాల ఇటుకకు 9¾ అంగుళాల అచ్చు.
5. నీడలో వారం, ఎండలో మూడు రోజులు. నేరుగా ఎండలో పెడితే అంచులు పైకి లేస్తాయి.
6. ఊరి ఇటుక బట్టీలో మామూలు ఇటుకల మధ్య పేర్పించాలి. అంచు వరసల్లో పెట్టనివ్వకూడదు.

ఆరో మాట ఎందుకంటే, అంచు వరసల్లో కాలిన ఇటుకను విరిచి చూస్తే బయట అంగుళం మేర ఎర్రగా, నడుమ మసి నల్లగా ఉంది. పొట్టు బొగ్గైంది కానీ కాలి పోలేదు. అలాంటి ఇటుక పొయ్యిలో మొదటి మంటలకు లోపల రాజుకుని నెర్రెలిస్తుంది. ప్రతి వరసలోంచీ ఒకదాన్ని విరిచి చూసుకుని మరీ తీసుకోండి.

పోసినవి 40, పనికొచ్చినవి 31. మామూలు ఇటుక 3.3 కిలోలు తూగితే ఇది 1.6 కిలోలు తూగింది. గోటితో గీస్తే గీత పడుతుంది. ఆ మెత్తదనమే దీని బలహీనత. కట్టె దబ్బున తోస్తే అంచు రాలుతుంది, బరువు మోయలేదు.

అందుకే రెండు మార్పులు. కట్టె నోటి కింద, పక్కలా మంట అంత తగలని చోట గట్టి ఎర్ర ఇటుకే ఉంచాం. 60 లీటర్ల నీళ్ళు, అండా కలిపి 70 కిలోల పైన ఉండే బరువు మెత్త ఇటుక మీద పడకుండా, మధ్యనుంచి 17 సెం.మీ. దూరంలో మూడు ఫైరు బ్రిక్ దిమ్మెలు పెట్టి, వాటిని బయటి ఎర్ర ఇటుక గోడ మీదికి ఆనించాం. ఇక్కడ ఇనుప కడ్డీలు పెట్టవద్దు. మామూలు ఇనుము ఆ మంటకు పొలుసులు పొలుసులుగా ఊడి సన్నబడుతుంది, ఒకరోజు అండా ఒరిగిపోతుంది.

కట్టుబడి వరస:

1. గొంతు లోపల 14 × 14 సెం.మీ., గాలి వచ్చే అడుగు నుంచి పైఅంచు వరకు 38 సెం.మీ. ఐదు వరసలు, వరసకు నాలుగు ఇటుకలు.
2. బయట 74 సెం.మీ. చదరంలో ఎర్ర ఇటుక గోడ, 11 సెం.మీ. మందం.
3. రెండింటి మధ్య 8 సెం.మీ. ఖాళీ. అందులో ఊక బూడిద. నంద్యాల వైపు రైసు మిల్లుల్లో దొరుకుతుంది. తెల్లగా కాలినదే తేవాలి, నల్ల ఊక లోపల పొగలేస్తుంది. కర్రతో మెల్లగా సర్దాలి కానీ దిమ్మిస కొట్టకూడదు. గట్టిగా కూరితే గాలి పోయి పని చెయ్యదు.
4. నోట్లో అడుగు నుంచి నాలుగున్నర సెం.మీ. ఎత్తున రేకు పలక. కట్టె దాని పైన, గాలి దాని కింద. ఈ పలక వంగిపోతుంది, ఏడాదికోసారి మార్చుకోవాలి. అందుకే మన్నుతో బిగించకుండా జారేలా పెట్టాం.
5. బయట ఎర్రమన్ను, పేడ, సన్నగా తరిగిన వరిగడ్డి పూత.

ఆ పలక లేకుండా చూస్తే కట్టె నోరంతా మూసేసి, మంట గొంతులోకి కాక బయటికి వచ్చింది.

ఖర్చు: పొట్టు ఐదు సంచులు ₹200, అచ్చు ₹350, బట్టీ అతనికి ₹400, ఫైరు బ్రిక్కులు నాలుగు ₹280, బేల్దారి ₹900. మొత్తం ₹5,030. కట్టె 2.8 కిలోలు, 24 శాతం.

భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13152 ప్రకారం ఫ్యాను లేని కట్టెల పొయ్యికి కనీసం 25 శాతం సామర్థ్యం ఉండాలి. అది వంటపొయ్యికి, ప్రయోగశాల పద్ధతిలో. మన కొలత పెరటి కొలత కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోటీ పెట్టడం సరికాదు, కానీ ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

దశ 4: అండా చుట్టూ సందు

గొంతు ఎంత బాగున్నా, వేడి పొగ అండా అడుగును ఒకసారి తాకి పక్కకు పోతుంటే సగం దండగ. పక్కనుంచి వెళ్ళే పొగ 340 డిగ్రీలు చూపించింది. దాన్ని అండా ఒంటికి రాసుకుంటూ పోయేలా చెయ్యాలి. అందుకు అండా చుట్టూ 25 సెం.మీ. ఎత్తు రేకు రింగు, 16 గేజి.

సందు ఎంత? గొంతు వైశాల్యం 14 × 14 = 196 చ.సెం.మీ. పొగ పోయే దారి ఎక్కడా ఇంతకంటే బాగా ఇరుకైనా, బాగా వెడల్పైనా నష్టమే.

గొంతు అంచు చుట్టుకొలత 56 సెం.మీ., కాబట్టి అక్కడ అండాకు, గొంతుకు మధ్య ఎత్తు 196 ÷ 56 = 3.5 సెం.మీ. అండా అంచు చుట్టుకొలత 151 సెం.మీ., కాబట్టి అక్కడ 196 ÷ 151 = 1.3 సెం.మీ.

మూడు సందులు చూశాం:

3.5 సెం.మీ.: మంట హాయిగా మండింది, కట్టె 2.4 కిలోలు. పొగ ఇంకా 260 డిగ్రీలతో బయటికి పోతోంది. రింగు ఉండీ సగం పనే చేసింది.

1.3 సెం.మీ.: లెక్క ప్రకారం సరైనది. కానీ మసి రెండు మి.మీ. పట్టగానే సందు బాగా ఇరుకైపోయింది. పొగ నోట్లోంచి ఎదురు తన్నింది. కట్టె 2.0 కిలోలే అయినా నీళ్ళు కాగడానికి గంటా పది నిమిషాలు.

1.8 సెం.మీ.: కట్టె 1.9 కిలోలు, 45 నిమిషాలు. పొగ 165 డిగ్రీలు. ఇక్కడే ఆపాం.

రింగును వెల్డింగుతో ముందే మూసెయ్యడం వల్ల ప్రతి మార్పుకూ కొయ్యడం, అతకడం. 3.5 నుంచి 1.3కు తేవడానికి సుమారు 14 సెం.మీ. పట్టీ కోస్తే, మళ్ళీ 1.8కి 3 సెం.మీ. అతకాల్సి వచ్చింది. మీరు చేసేటప్పుడు రింగు కొసలు 15 సెం.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ఉంచి, పొడవాటి రంధ్రాల్లో రెండు బోల్టులు బిగించండి. సందు కుదిరాకే వెల్డింగు. రింగు వెనక కూడా ఊక బూడిదే.

అండా అడుగు చదునుగా ఉండదు, అంచు దగ్గర గుండ్రంగా పైకి లేస్తుంది. గొంతు నుంచి అంచు దాకా నేలను కూడా ఆ వంపుకే తీర్చాలి. అట్ట ముక్క మీద అండా వంపు గీసి, కత్తిరించి, దాన్ని తిప్పుతూ మన్ను చెక్కితే చాలు. గొంతు దగ్గర 3.5, అంచు దగ్గర 1.8.

ఖర్చు: రేకు 5 కిలోలు ₹460, రోలింగు, వెల్డింగు ₹500, కోత, అతుకు ₹250. మొత్తం ₹6,240. కట్టె 1.9 కిలోలు, 35 శాతం.

దశ 5: పొగ గొట్టం

పొయ్యి స్నానాల గది గోడకు బయట ఉంది, కట్టె పెట్టేది పెరట్లోంచి. అయినా పొగ చూరు కింద చేరి ఇంట్లోకి వస్తుంది కాబట్టి గొట్టం తప్పదు. 6 అంగుళాల జీఐ రేకు గొట్టం, వైశాల్యం సుమారు 182 చ.సెం.మీ., గొంతుకు దగ్గరే.

పాత రోజుల్లో పొగలేని పొయ్యిల పథకం కింద పెట్టిన సిమెంటు గొట్టాలు ఇప్పటికీ పాత ఇళ్ళలో కనబడతాయి. 1983లో మొదలైన ఆ జాతీయ కార్యక్రమం 2002తో ఆగింది. ఆ గొట్టాల్లో చాలావాటిలో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. రాకెట్ గొంతు వేడికి అవి పగులుతాయి, కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. ఊరికే వచ్చినా తీసుకోవద్దు.

గొట్టం పెట్టగానే కట్టె తగ్గాల్సింది పోయి 2.2 కిలోలకు పెరిగింది. అండా ఎత్తి చూస్తే కారణం కనబడింది. గొట్టం వైపు రాగి దాదాపు శుభ్రంగా ఉంది, ఎదురు వైపు మసి మందంగా ఉంది. పొగంతా దగ్గరి దారి పట్టి గొట్టం వైపు సందులోంచే పోతోంది. అండా వెనక సగానికి సెగ తగలడం లేదు. పైగా గొట్టం అతిగా గుంజడంతో చల్లగాలి కూడా మంటతో పాటు లోపలికి వస్తోంది.

మూడు సవరణలు:

1. రింగు పైఅంచు నుంచి 5 సెం.మీ. ఎత్తు వరకు చుట్టూ ఖాళీ గూడు, దాని పైన రేకు మూత. పొగ ముందు చుట్టూ అందులో చేరి, తర్వాత గొట్టంలోకి పోతుంది.
2. అండాను గొట్టం వైపుకు 6 మి.మీ. జరపడం. ఆ వైపు సందు 1.2, ఎదురు వైపు 2.4. ఇరుకు వైపు వారానికోసారి మసి గీకాలి.
3. గొట్టం మొదట్లో జారే తలుపు. మంట అందుకునే దాకా పూర్తిగా తెరిచి, తర్వాత సగం మూయాలి.

దాంతో 1.8 కిలోలకు దిగింది. గొట్టంలో పొగ 150 డిగ్రీలు. ఇది 100 కంటే కిందికి పోతే పొగలో ఆవిరి నీరై, నల్లటి జిగురు గొట్టం వెంట కారుతుంది. అది ఎండితే నిప్పు అంటుకుంటుంది. 120 నుంచి 180 మధ్య ఉంచుకోవాలి.

ఆ తలుపును నిప్పులు ఉన్నంతసేపూ పూర్తిగా మూయకూడదు. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, కళ్ళు మండవు, మనిషి పడిపోయేదాకా తెలియదు. తలుపు రేకులోనే రూపాయి బిళ్ళంత బెజ్జం రెండు కొట్టించాం, మరిచి మూసినా దారి ఉంటుంది.

ఈ ఇల్లు మిద్దె. గొట్టం మిద్దె లోంచి కాకుండా గోడ బయటనుంచి ఎక్కింది. మిద్దెలోంచి తీస్తే చుట్టూ 10 సెం.మీ. ఖాళీ వదిలి, రేకు గొడుగు పెట్టాలి. బోదకొట్టం ఇంటికి ఈ గొట్టం వద్దు. నిప్పురవ్వ ఒక్కటి చాలు, పొయ్యినే కొట్టానికి దూరంగా కట్టుకోవాలి.

ఆషాఢ గాలి ఇంకో పరీక్ష. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి పిట్టగోడను కొట్టుకుని కిందికి తిరిగి గొట్టంలోకి దిగుతుంది. గొట్టం కొసను పిట్టగోడ కంటే 60 సెం.మీ. పైకి పెంచి, టోపీకి గొట్టానికి మధ్య 10 సెం.మీ. ఉంచాక పొగ ఎదురు తన్నడం ఆగింది.

ఖర్చు: గొట్టం నాలుగు ముక్కలు ₹1,800, వంపు ₹300, మసి తీసే మూత ఉన్న టీ (T) జాయింటు ₹350, టోపీ ₹250, జారే తలుపు ₹150. మొత్తం ₹9,090. కట్టె 1.8 కిలోలు, 37 శాతం.

దశ 6: కొళాయి, మూత

అడుగు నుంచి 5 సెం.మీ. ఎత్తున అర అంగుళం ఇత్తడి గొట్టం. దాని కింద ఎప్పుడూ 9 లీటర్లు మిగులుతాయి, అండా ఖాళీగా కాలే భయం లేదు. గొట్టాన్ని కంచరి పని చేసేవాళ్ళ దగ్గర ఇత్తడి అతుకు పెట్టించాలి. రబ్బరు వాషరు పొగదారిలో ఉంటే కాలి కారుతుంది. గొట్టాన్ని రింగు, గోడ దాటించి స్నానాల గదిలోకి తెచ్చాకే కొళాయి. మూత వదులుగా ఉండాలి, ఎప్పుడూ బిగించకూడదు.

మన బోరునీళ్ళకు రాగి లోపల తెల్ల పొర కడుతుంది. నెలకోసారి చింతపండు పులుసు పోసి కాచి తోమితే వదులుతుంది. అనంతపురం జిల్లా బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. కాస్తే అది పోదు. అండానీళ్ళు స్నానానికే, తాగడానికి కాదు.

ఖర్చు ₹650. మొత్తం ₹9,740. పీకేసిన బండలు, రింగు కోతలు, రెండోసారి బేల్దారి కూలి తీసేస్తే, నేరుగా చివరి రూపం కట్టేవాళ్ళకు ₹8,290.

కట్టె: ఎక్కడిది, ఎలా ఆరబెట్టాలి

పైన ఇచ్చిన లెక్కలన్నీ ఆరిన కట్టెతోనే. 35 శాతం తేమ ఉన్న కట్టెతో అదే పొయ్యిలో 2.9 కిలోలు కాలింది, పొగా పెరిగింది. కిలో కట్టెలో 350 గ్రాములు నీళ్ళే అయితే, ముందు ఆ నీళ్ళను ఆవిరి చెయ్యడానికే మంట ఖర్చవుతుంది.

వాడింది గట్ల మీది సర్కారు తుమ్మ. మన వైపు కంపచెట్టు అంటే అదే. గట్టి కట్టె, నిప్పు నిలుస్తుంది, నరికిన మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. గట్టును నాలుగు భాగాలు చేసి ఏడాదికి ఒక భాగమే, మణికట్టు లావు కొమ్మలే కొడితే మోడు చావదు. ఉన్నదాన్ని వాడుకోవాలి కానీ కొత్తగా నాటకూడదు. చేలల్లోకి, చెరువుల్లోకి పాకి ఏ పంటనూ బతకనివ్వని చెట్టది. నాటదలిస్తే గట్టు మీద గ్లైరిసీడియా మేలు, ఆకు ఎరువుకు, కొమ్మ పొయ్యికి.

1. మాఘ, ఫాల్గుణాల్లో కొట్టాలి. ముళ్ళకు మందపాటి తోలు చేతితొడుగులు తప్పనిసరి.
2. రెండు అడుగుల ముక్కలు చేసి, 5 సెం.మీ. కంటే లావైనవి చీల్చాలి. 14 సెం.మీ. నోట్లో మూడు నాలుగు కట్టెలు పట్టాలి, మధ్యలో గాలి ఆడాలి.
3. బండల మీద అడ్డదిడ్డంగా వామి వెయ్యాలి. మే ఎండ పూర్తిగా తగలనిచ్చి, తొలకరికి ముందు పైన మాత్రమే రేకు కప్పాలి, పక్కలు మూయకూడదు.
4. ఒక మోపుకు గుర్తు కట్టి వారం వారం తూచాలి. మా మోపు 10 కిలోల నుంచి 6.8 దగ్గర ఆగింది. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే.

కందికట్టె అంటించడానికి బాగుంటుంది, కానీ భగ్గున మండి ఆరిపోతుంది. అదొక్కటే వాడితే పొయ్యి ముందు నుంచి కదలడానికి ఉండదు. గన్నేరు కొమ్మలు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ఇందులో పెట్టవద్దు.

ఏడాదికి 200 సార్లు నీళ్ళు కాస్తారనుకుంటే మూడు రాళ్ళ మీద 1,080 కిలోలు, ఈ పొయ్యిలో 360 కిలోలు. తేడా 720 కిలోలు. కట్టె కొనేవాళ్ళు కిలో ₹7 చొప్పున వేసుకుంటే ఏడాదికి ₹5,040. కట్టె ఊరికే దొరికేవాళ్ళకు మిగిలేది తలమీద మోసే బరువు. 20 కిలోల మోపు అనుకుంటే 36 మోపులు.

ఇంకా మిగిలిన పని

మిల్లు దగ్గర మిగిలే శనక్కాయ పొట్టును నేరుగా ఇంధనంగా వాడడం ఇంకా కుదరలేదు. పలక మీద పోస్తే బూడిద గాలిదారిని మూసేసి, మంట ఆరి పొగ లేస్తోంది. తర్వాతి ప్రయత్నం: పలక తీసి, 6 మి.మీ. కడ్డీలతో 4 మి.మీ. సందుల జాలీ, దాని పైన ఏటవాలు డబ్బా, డబ్బా కింద బూడిద దులిపే కడ్డీ. కొలతలు అవే, 60 లీటర్లు, 22 నుంచి 62 డిగ్రీలకు.